విరాళం అడగడానికి సిగ్గెందుకు?

(సంఘం వార్షికోత్సవం సందర్భంగా జరిగిన యువజన సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



వేదిక మీదున్న పటేళ్ళకు, దేవారీలకు, సంఘం పెద్దలకు నమస్కారం. ముందు వరసలో కూర్చున్న తల్లులకు నమస్కారం. వెనక తలుపు దగ్గర నిలబడ్డ తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు ఇంకాస్త ఎక్కువ నమస్కారం, ఎందుకంటే ఈ మాటలు మీకోసమే. తలుపు దగ్గర నిలబడడం మాకూ అలవాటే. ఎవరైనా పేరు పెట్టి పిలుస్తారేమో, మాట్లాడమంటారేమో అని భయపడుతూ మేమూ చాలా ఏళ్ళు అక్కడే నిలబడ్డాం.

విద్యానిధికి విరాళాలు అడిగేటప్పుడు బిడియం ఎలా పోగొట్టుకోవాలో చెప్పమని పెద్దలు మమ్మల్ని అడిగారు. మేము అంటే హాస్టల్ వార్డెన్లం, మాతో కలిసి చదువుకున్న టీచర్లం, విద్యానిధి పని చూస్తున్న కమిటీ సభ్యులం. టీచర్ ట్రైనింగ్‌లో మాకు పాఠం ఎలా చెప్పాలో నేర్పారు. పాఠ్య పథకం రాయడం నేర్పారు, నల్లబల్ల మీద అక్షరాలు వంకర పోకుండా రాయడం నేర్పారు. దుకాణం మెట్లెక్కి, ముక్కూ ముఖం తెలియని మనిషితో "మా పిల్లల చదువుకు సాయం చేయండి" అని ఎలా అనాలో మాత్రం ఎవరూ నేర్పలేదు. అది మేము ఓడిపోయి నేర్చుకున్నాం. కాబట్టి ముందు ఆ ఓటమి సంగతే చెప్తాం.

కొన్నేళ్ళ కిందట మా హాస్టల్‌లో చదివిన ఒక అమ్మాయికి దూరపు నగరంలో నర్సింగ్ సీటు వచ్చింది. ఫీజుకు స్కాలర్‌షిప్ వస్తుంది, కానీ అది తర్వాతెప్పుడో. చేరే రోజు చేతిలో ఉండాల్సిన ఖర్చు వేరే. హాస్టల్ అడ్వాన్సు, యూనిఫాం, పుస్తకాలు, ప్రయాణం అన్నీ కలిపి 18,000 రూపాయలు లెక్క తేలింది. అది జులై నెల. విత్తనాలకు, ఎరువులకు అప్పు తెచ్చి, వానకోసం ఆకాశం వైపు చూసే నెల. వాళ్ళ నాన్న 2,000 తెచ్చాడు. మేమందరం కలిసి 7,000 వేశాం. ఇంకా 9,000 కావాలి.

ఆదిలాబాద్‌లో పెద్ద బట్టల దుకాణాలున్నాయి, అడిగిచూడండి అని ఎవరో అన్నారు. మేమిద్దరం బస్సెక్కి వెళ్ళాం. దారి పొడుగునా ఏం మాట్లాడాలో ఒకరికొకరం చెప్పుకున్నాం. దుకాణం ఎదురుగా అరగంట నిలబడ్డాం. చివరికి లోపలికి వెళ్ళగానే గుమాస్తా నవ్వుతూ ఎదురొచ్చి, "ఏం చూపించమంటారు మేడం?" అన్నాడు. మేము ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. మాలో ఒకరి నోట్లోంచి వచ్చిన మాట, "తువ్వాలు."

అతను పది తువ్వాళ్ళు పరిచాడు. రంగు చూశాం, అంచు చూశాం, ధర అడిగాం. 120 రూపాయలిచ్చి ఒకటి కొని బిల్లు తీసుకున్నాం. గల్లాపెట్టె దగ్గర కూర్చున్న యజమాని మాకు నమస్కారం కూడా పెట్టాడు. చెడ్డ మనిషిలా ఏమీ కనిపించలేదు. మేము అడగలేదు, అంతే. విరాళం తేవడానికి వెళ్ళి తువ్వాలు కొనుక్కొచ్చాం. ఇంకో దుకాణం గడప తొక్కలేదు.

ఈలోగా చివరి తేదీ దాటిపోయింది. సీటు పోయింది. మరుసటి వేసవిలో ఆ అమ్మాయికి పెళ్ళి చేశారు. ఇప్పుడు భర్తతో కలిసి పత్తి చేనులో పని చేసుకుంటోంది. మన విద్యానిధి మొదలైన ఏడు ఆమె తనే మమ్మల్ని వెతుక్కుంటూ వచ్చి, పత్తి ఏరిన కూలీ డబ్బుల్లోంచి 200 రూపాయలిచ్చింది. మేము తలవంచుకొని ఆనాటి తువ్వాలు సంగతి చెప్పాం. ఆమె కాసేపు ఊరుకుని, "మేడం, ఆ రోజు నన్ను కూడా తీసుకపోతే నేనే అడిగేదాన్ని గదా" అంది. కోపంగా అనలేదు. కోపంగా అనుంటే మాకు ఇంత కాలం గుర్తుండేది కాదేమో.

ఆ తువ్వాలు ఇప్పటికీ మా ఆఫీసు బీరువాలో ఉంది. దాన్ని వాడబుద్ధి కాలేదు. మా సిగ్గుకు అయిన ఖర్చు మేము కట్టలేదు, ఆ పిల్ల కట్టింది. మీరు ఈ సభలోంచి ఒక్క మాట పట్టుకెళ్ళాలంటే ఇది పట్టుకెళ్ళండి. మిగతావన్నీ దీని తర్వాతే.

ఇక, ఈ సిగ్గు మనకు ఎక్కడి నుంచి వచ్చింది? మేము కూర్చొని ఆలోచిస్తే మూడు కారణాలు కనిపించాయి.

మొదటిది భాష. ఇంట్లో గోండి మాట్లాడతాం, బడిలో తెలుగు నేర్చుకున్నాం, పట్నంలో తెలుగులో హిందీ, మరాఠీ కలిసిపోయి ఉంటాయి. నోరు తెరిస్తే యాస చూసి నవ్వుతారని భయం. రెండోది జ్ఞాపకం. చిన్నప్పుడు మన నాన్నలు పట్నంలో కౌంటర్ల ముందు చేతులు కట్టుకొని నిలబడడం చూశాం. ఆ నిలబడడం మన ఒంట్లోకి వచ్చేసింది. మూడోది మన మంచి గుణమే. మనవాళ్ళు పస్తులున్నా పక్కింటికెళ్ళి నాకు పెట్టమని అడగరు. అడగడం అంటే బిచ్చమెత్తడమే అనుకుంటారు.

ఈ మూడో కారణం గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. నా కడుపుకోసం అడగను అనే పట్టుదల మంచిదే. దాన్ని వదులుకోమని మేము చెప్పం. కానీ పదిమంది పిల్లల కోసం అడగడం వేరు. అది మన సంప్రదాయంలో లేనిది కూడా కాదు.

దీపావళికి ముందు మన దండారి బృందం పొరుగూరికి వెళ్తుంది. ఆ ఊరివాళ్ళు ఎదురొచ్చి, కూర్చోబెట్టి, అన్నం పెట్టి, తోచిన కానుక ఇచ్చి పంపుతారు. వెళ్ళినవాళ్ళు తల దించుకోరు, ఇచ్చినవాళ్ళు తల ఎగరేయరు. ప్రధాన్ మన ఇంటికొచ్చి కిక్రీ వాయించి, మన వంశం కథ చెప్పి, ధాన్యమో బట్టో తీసుకుంటాడు. దాన్ని ఎవరైనా బిచ్చమంటారా? అది ఆయన హక్కు, మన బాధ్యత. కేస్లాపూర్‌లో నాగోబా గుడిని చూడండి. మెస్రం వంశీయులు తమలో తాము డబ్బు పోగుచేసుకొని రాతితో తిరిగి కట్టుకున్నారు, 2022 డిసెంబరులో కొత్త గుడి తెరిచారు. ఎవరో ఒకరు ఇల్లిల్లూ అడిగితేనే కదా అది లేచింది?

అంటే మనకు అడగడం వచ్చు. మనవాళ్ళను అడగడం వచ్చు. రానిది పరాయివాళ్ళను అడగడం.

దానికి ఒక చిన్న పిల్ల కథ చెప్తాం. 1921లో గాంధీజీ కాకినాడ వచ్చారు. దుర్గాబాయి అనే పిల్లకు అప్పటికి పన్నెండేళ్ళు కూడా నిండలేదు. దేవదాసీలతో, పరదా చాటున ఉండే ముస్లిం స్త్రీలతో గాంధీజీ మాట్లాడాలని ఆమె పట్టుబట్టింది. 5,000 రూపాయలు పోగుచేసిస్తే ఆయన కాసేపు వస్తారని నిర్వాహకులు చెప్పారు. ఆ రోజుల్లో 5,000 అంటే ఎంతో ఆలోచించండి. ఆ పిల్ల ఆ డబ్బు కూడబెట్టింది, సభ జరిగింది. ఆమే తర్వాత మహిళల చదువుకు ఆంధ్ర మహిళా సభను నిలబెట్టిన దుర్గాబాయి దేశ్‌ముఖ్. ఆమెకు ధైర్యం పుట్టుకతోనే వచ్చిందో లేదో మాకు తెలియదు. ఎవరికోసం అడుగుతోందో మాత్రం ఆమెకు స్పష్టంగా తెలుసు. పరాయివాళ్ళ ముందు నోరు తెరిపించేది అదే.

ఇప్పుడు ఎలా సాధన చేయాలో చెప్తాం. పాఠం బాగా రావాలంటే ముందు అప్పజెప్పాలి కదా, ఇదీ అంతే.

మేము ఆదివారాల్లో సంఘం వరండాలో కూర్చొని నాటకంలా ఆడాం. ఒకరు దుకాణదారు, ఇద్దరు అడిగేవాళ్ళు. డిగ్రీ చదివే అబ్బాయి ఒకడు దుకాణదారు వేషంలో ఎంత విసుక్కునేవాడంటే, అసలు దుకాణదారులు వాడి కంటే చాలా నయమనిపించింది. అలా ఆడుతూ ఆడుతూ అడిగే మాటల్ని ఐదు వాక్యాలకు కుదించాం. ఒకటి, మేము ఫలానా ఊరివాళ్ళం, ఫలానా సంఘం తరఫున వచ్చాం. రెండు, ఈ ఏడు కాలేజీలో చేరే మా పిల్లలకు చేరే రోజు ఖర్చుకోసం నిధి పెడుతున్నాం. మూడు, మీరు 500 రూపాయలు ఇవ్వగలరా? నాలుగు, రసీదు ఇప్పుడే ఇస్తాం, ఖర్చు లెక్క ఏడాది చివర చూపిస్తాం. ఐదు, మీరు ఇచ్చినా ఇవ్వకపోయినా మా మాట విన్నందుకు ధన్యవాదాలు.

ఇందులో మూడో వాక్యం దగ్గరే అందరి గొంతూ ఆగిపోయేది. "మీకు తోచింది ఇవ్వండి" అని జారుకునేవాళ్ళం. తోచింది ఇవ్వమంటే పది రూపాయలు తీసి చేతిలో పెడతారు. అప్పుడు అడిగినవాడికీ ఇచ్చినవాడికీ ఇద్దరికీ ఇబ్బందే. కాబట్టి అంకె చెప్పండి. చెప్పాక ఊరుకోండి. ఆ నాలుగు క్షణాల నిశ్శబ్దం చాలా బరువుగా ఉంటుంది. దాన్ని పూడ్చడానికి "లేకపోతే ఫర్వాలేదు సార్, తర్వాత వస్తాం సార్" అని మనమే వాళ్ళకు దారి చూపిస్తాం. అలా చేయకండి, వాళ్ళను ఆలోచించనివ్వండి.

భాష గురించి బెంగ వద్దు. మన యాసలోనే మాట్లాడండి. పుస్తకాల తెలుగు బట్టీపట్టి వెళ్తే మధ్యలో తడబడతారు. ఒక చెల్లెలు మొదటి రోజు మాట మరిచిపోయి, కంగారులో గోండిలో మొదలుపెట్టింది. దుకాణదారు నవ్వాడు. వెక్కిరింపుగా కాదు. ఆయన చిన్నప్పుడు ఉట్నూరు సంతలో తండ్రితో కూర్చొని నేర్చుకున్న నాలుగు గోండి మాటలు తిరిగి అన్నాడు. 500 అడిగితే 1,000 ఇచ్చాడు. ప్రతిచోటా ఇలా జరుగుతుందని చెప్పం. కానీ మన యాస మనకు అడ్డమే అవుతుందని ముందే అనుకోవద్దు.

మొదటి రోజు మేము 14 దుకాణాలు ఎక్కాం. ఐదుగురు ఇచ్చారు, తొమ్మిది మంది ఇవ్వలేదు. ఆ తొమ్మిది 'లేదు'లూ మా కమిటీ పుస్తకంలో రాసుకున్నాం. "సేటు లేడు, రేపు రండి." "మొన్ననే గణపతి చందా ఇచ్చినం." "బేరాల్లేవు." ఇవి మామూలు మాటలే, వాటిలో మన మీద కోపం లేదు. ఆ మనిషికి ఆ పూట వీలు కాలేదు, అంతే. నమస్కారం పెట్టి దిగి రండి. రేపు రమ్మన్నవాళ్ళ దగ్గరికి నిజంగా రేపు వెళ్ళండి. మేము వెళ్తే అలా అన్న ముగ్గురిలో ఇద్దరు ఇచ్చారు.

మనసుకు గుచ్చుకునే మాట ఒకటుంది. "మీకు ప్రభుత్వం అన్నీ ఇస్తుంది గదా, ఇంకా మేమెందుకు ఇయ్యాలె?" ఈ మాట వినగానే కొందరికి కళ్ళల్లో నీళ్ళొచ్చాయి, కొందరికి చెయ్యి లేచింది. రెండూ వద్దు. వాదన కూడా వద్దు. ఉన్న సంగతి చెప్పండి. "నిజమే సార్, ఫీజుకు స్కాలర్‌షిప్ వస్తుంది. అది వచ్చేలోపు అడ్వాన్సుకు, ప్రయాణానికి, పుస్తకాలకు చేతిలో ఉండాలి. ఆ డబ్బు లేక సీటు వదులుకున్న పిల్ల మాకు తెలుసు." ఇంతే. దీని తర్వాత కూడా ఇవ్వకపోతే దిగి రండి. అడగడానికి మనకు ఎంత హక్కుందో, లేదనడానికి ఆయనకూ అంతే హక్కుంది.

అందరికంటే ముందు ఎవరిని అడగాలి? మీ ఇంట్లో ఏళ్ళ తరబడి సరుకులు కొంటున్న దుకాణాన్ని. విత్తనాలు, ఎరువులు, పెళ్ళి బట్టలు, వంట సామాను, అన్నీ అక్కడే కొన్నాం కదా. ఆ గల్లాపెట్టెలో మన పత్తి డబ్బు కూడా ఉంది. అక్కడ మొదలుపెడితే రెండో దుకాణానికి గొంతు దానంతటదే సర్దుకుంటుంది.

ఎప్పుడు అడగాలి? ఇది మాకు ఆలస్యంగా తెలిసింది. పిల్లలకు అవసరం జూన్, జులైలో వస్తుంది. మన దగ్గర, పట్నం దగ్గర డబ్బు తిరిగేది దీపావళి తర్వాత, పత్తి అమ్మకాల రోజుల్లో. అవసరం వచ్చిన నెలలో అడగబోతే ఎవరి చేతా పైసా ఉండదు. అందుకని నవంబరు నుంచి జనవరి దాకా పోగుచేసి బ్యాంకులో పెట్టుకోవాలి. వానాకాలం కోసం ఇప్పపూలు ఎండబెట్టి దాచుకోవడం మన అమ్మలు నేర్పలేదూ?

ఇక చేయకూడని పనులు. ఇవి మా కమిటీలో గొడవపడి మరీ నిర్ణయించుకున్నాం.

కిందటేడు ఒక తమ్ముడు లేచి, "గుస్సాడీ వేషం వేసుకొని, నెమలీకల టోపీ పెట్టుకొని బజారులో తిరుగుదాం, జనం ఎగబడి ఇస్తారు" అన్నాడు. ఇస్తారు, నిజమే. కానీ పెద్దలు ఒప్పుకోలేదు, మేమూ ఒప్పుకోలేదు. గుస్సాడీ అంటే దీక్ష. దానికి నియమాలున్నాయి, రోజులున్నాయి. మార్లవాయి కనకరాజు గారు ఆ ఆటను ఎందరికో నేర్పి 2021లో పద్మశ్రీ అందుకున్నది దాని గౌరవం నిలబెట్టినందుకే. ఆ తమ్ముడు రెండు రోజులు అలిగాడు. మూడో రోజు మామూలు చొక్కా వేసుకొని వచ్చి అందరికంటే ఎక్కువ పోగుచేశాడు.

ఏ పిల్ల ఫొటోనూ చూపించి, ఆమె పేదరికం వర్ణించి అడగొద్దు. రేపు ఆ పిల్ల నర్సుగానో టీచరుగానో అదే బజారులో నడవాలి. రోడ్డుకు అడ్డంగా తాడు కట్టి బండ్లు ఆపొద్దు. భయపెట్టి తీసుకున్నది విరాళం కాదు. హాస్టల్లో చదివే చిన్న పిల్లల్ని చందాలకు తిప్పొద్దు. వాళ్ళ పని చదువుకోవడం. మేము ఉద్యోగంలో ఉన్నవాళ్ళం కాబట్టి హాస్టల్ పేరు మీద ఎక్కడా అడగం, రసీదు సంఘం పేరు మీదే ఉంటుంది. ముగ్గురు చొప్పున వెళ్ళండి, జట్టులో ఇద్దరు అమ్మాయిలుంటే మంచిది. పొద్దు గుంకేలోపు ఊరు చేరండి.

లెక్క సంగతి చెప్పి ముగిస్తాం. సిగ్గు పోవడానికి లెక్కకు మించిన మందు లేదు. చేతిలో నంబరు వేసిన రసీదు పుస్తకం ఉంటే నిలబడే తీరే మారిపోతుంది. ఫోన్లో పంపే డబ్బు సంఘం ఖాతాకే రావాలి, ఎవరి సొంత నంబరుకూ వద్దు. నగదు వస్తే మర్నాడే బ్యాంకులో వేయాలి. కొందరు పన్ను మినహాయింపు వస్తుందా అని అడుగుతారు. మన సంఘానికి ఆ ధ్రువీకరణ ఇంకా రాలేదు. లేదనే చెప్పండి, వస్తుందని అబద్ధం చెప్పకండి. ధ్రువీకరణ ఉన్న సంస్థలకైనా 2,000 రూపాయలు దాటిన నగదుకు ఆ మినహాయింపు వర్తించదు. ఎవరైనా పెద్ద మొత్తం ఇస్తామంటే బ్యాంకు ద్వారానే తీసుకోండి. ఏడాది చివర ఎంత వచ్చింది, ఎంతమంది పిల్లలకు దేనికి ఇచ్చాం అని ఒక్క కాగితం మీద రాసి, ఇచ్చిన ప్రతి దుకాణానికీ తీసుకెళ్ళి ఇవ్వండి. ఆ రోజు ఏమీ అడగకండి. కాగితం ఇచ్చి రండి. మొదటిసారి అలా వెళ్ళినప్పుడు ఒక కిరాణా దుకాణం పెద్దాయన, "ముప్పై ఏళ్ళుగా చందాలు ఇస్తున్నా, లెక్క తెచ్చి చూపించినవాళ్ళు మీరే" అన్నాడు. ఆ సాయంత్రం మేము మెట్లు దిగుతుంటే మా నడకలో తేడా మాకే తెలిసింది.

అడగందే అమ్మైనా అన్నం పెట్టదు అంటారు. అమ్మ దగ్గరే అడగాల్సి వస్తే, పట్నం దగ్గర అడగడానికి చిన్నతనం ఏముంది? సిగ్గు మొత్తం పోయాక వెళ్దాం అనుకుంటే ఎప్పటికీ వెళ్ళలేం. మాకు ఇప్పటికీ మొదటి మెట్టు ఎక్కేటప్పుడు గొంతు ఎండుతుంది. సిగ్గును కూడా వెంటబెట్టుకొనే ఎక్కుతున్నాం, అంతే.

చివరగా ఒక మాట. ఇన్ని దుకాణాలు ఎక్కినా, ఆ తువ్వాలు కొన్న దుకాణానికి మాత్రం మేము ఇంతవరకూ వెళ్ళలేదు. ఆ వీధి రాగానే ఏదో పని గుర్తొచ్చేది. ఈ దీపావళి తర్వాత వెళ్ళబోతున్నాం. మా జట్టులో ఈసారి ముగ్గురం. మేమిద్దరం, ఆ అమ్మాయి. మూడో వాక్యం తనే చెప్తానంది.

మీరూ మీ జట్టు పేర్లు ఈ సాయంత్రం భోజనాల దగ్గర రాయించండి. వెనక తలుపు దగ్గర నిలబడ్డవాళ్ళు ముందు రాయించండి.

జై జంగో! జై లింగో!